రెండేళ్ల కోర్సుకు రెండేళ్ల డబ్బే సరిపోదు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయికి 22 ఏళ్లు, బీటెక్ అయింది. జర్మనీలో ఎంఎస్ సీటు వచ్చింది. బ్యాంకు 10 శాతం వడ్డీకి 20 లక్షల లోన్ ఇస్తానంది. ఇంకో 6 లక్షలు తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. చేతిలో 80 వేలున్నాయి. ఈ ఏడాది పంపకపోతే వయసు మీరిపోతుందని భయం. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమండీ! ఆరు లక్షలకు నెలనెలా 12,000. అబ్బాయి విమానం ఎక్కకముందే మొదలవుతుంది.

నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటిది ఇదే పొరపాటు. కాగితం మీద రెండేళ్లంటే రెండేళ్లకే అయిపోతుందనుకుంటారు. మన బీటెక్ బ్యాచ్‌లో ఎక్కువమంది నాలుగేళ్లకు బయటికొచ్చేస్తారు. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ ఎక్కువగా ఏడాదే. జర్మనీ పద్ధతి వేరు. ఒక పరీక్ష వాయిదా వేసుకున్నా, థీసిస్ ఆలస్యమైనా నాలుగు సెమిస్టర్ల చదువు ఐదుకో ఆరుకో పోతుంది. అక్కడ దాన్ని ఎవరూ తప్పుపట్టరు, ఖర్చు మాత్రం మీదే. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేసి, అక్కడికెళ్లాక నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) చూపించాల్సింది 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలు. యూరో వంద రూపాయలనుకుంటే ఒక్క సెమిస్టర్ పెరిగితే దాదాపు 6 లక్షలు. ఆ ఆరు నెలల బ్యాంకు వడ్డీ ఇంకో లక్ష. మారటోరియం, అంటే కిస్తీలు మొదలుపెట్టడానికి బ్యాంకు ఇచ్చే గడువు, పొడిగించినా వడ్డీ ఆగదు.

అందుకే అత్యవసర నిధి అని మొత్తుకుంటాను. మీ 80 వేలు నిధి కాదు. షాపులో మెషీన్ డ్రమ్ పోయి, అదే నెలలో ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరితే అయిపోతాయి. ఆరు నెలల ఇంటి ఖర్చు, దానికి తోడు అబ్బాయికి ఒక అదనపు సెమిస్టర్ ఖర్చు ఎఫ్‌డీలో పడ్డాకే ప్రయాణం మాట. లోన్ తీసుకునే ముందు మీ పేర టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) కూడా ఉండాలి.

వయసంటారా? అక్కడ 18, 19కి స్కూలు ముగించి, వృత్తి శిక్షణ చేసి ఆ తర్వాత యూనివర్సిటీకి వచ్చేవాళ్లున్నారు. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో విద్యార్థి రేటు 30 ఏళ్ల దాకా ఇస్తారు. 23కి వెళ్తే మీవాడిని పెద్దవాడని ఎవరూ అనరు. ఏడాది ఇక్కడే ఉద్యోగం చేయించండి, జీతం ఆ నిధిలో వేయండి, మళ్లీ దరఖాస్తు పెట్టించండి.

పార్ట్‌టైమ్ ఏడాదికి 140 పూర్తి రోజుల దాకా చేయొచ్చు. పని దొరికేదాకా ఆ డబ్బు లెక్కలో రాయకండి. నిధి కోసం చిట్టీ ఉంటే పాడుకోవచ్చు, కసరు (పాటలో వదులుకునే మొత్తం) ఎంత పోతుందో చూసుకుని.

ఆ ఆరు లక్షల ప్రోనోటు మీద ఇంకా సంతకం పెట్టలేదు కదా? పెట్టకండి.