బెట్టా తొట్టిలో చివరి గదుల చేపలే ఎందుకు జబ్బు పడుతున్నాయి?

ప్రశ్న: మేము బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. మేడ మీది గదిలో బెట్టా చేపలు (కలిపి ఉంచితే పోట్లాడుకునే ఫైటర్ చేపలు) పెంచి అమ్ముతున్నాను. మూడడుగుల తొట్టిని మూడు గాజు పలకలతో నాలుగు గదులుగా విడదీసి, ఒక్కో పలకకు కింది భాగంలో నాలుగు చిన్న రంధ్రాలు పెట్టించాను. మొదటి గదిలో వేలాడే ఫిల్టర్, 50 వాట్ల హీటర్ ఉన్నాయి. మొదటి రెండు గదుల చేపలు బాగానే ఉన్నాయి. మూడు, నాలుగు గదుల చేపలు మాత్రం రెక్కలు ముడుచుకుని అడుగునే పడి ఉంటున్నాయి, తోక అంచులు నల్లబడి చిరుగుతున్నాయి. థర్మామీటరు మొదటి గదిలో 27, చివరి గదిలో 22 డిగ్రీలు చూపుతోంది. షాపువారు ఫంగస్ అని చెప్పి మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్ క్యాప్సూల్ ఇచ్చారు. పది రోజులుగా వేస్తున్నా తగ్గలేదు. మందు మార్చాలా? తొట్టిలో ఐదో గది కూడా చేయవచ్చా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది ఫంగస్ కాదు. ఫంగస్ పట్టిన చేప ఒంటిమీద పత్తి పింజలాంటి తెల్లని బూజు కనిపిస్తుంది. అంచులు నల్లబడి, పీలికలై చిరగడం అమోనియా (మలం, మిగిలిన మేత కుళ్ళి నీటిలో చేరే విషం) వల్ల, చలి వల్ల నీరసించిన చేపకు బ్యాక్టీరియా సోకి వచ్చే తోక కుళ్ళు. జబ్బు సరిగ్గా ఏ గదుల్లో ఉందో, చలి కూడా ఆ గదుల్లోనే ఉందని మీ థర్మామీటరే చెబుతోంది. కాబట్టి మార్చవలసింది మందు కాదు, తొట్టిలో నీరు తిరిగే దారి. ఈ రోజే రెండు మందులూ ఆపండి.

మీ వేలాడే ఫిల్టర్ మొదటి గది నీటినే తీసుకుని, మళ్ళీ మొదటి గదిలోనే పోస్తోంది. నీరు ఎప్పుడూ దగ్గరి దారినే వెతుక్కుంటుంది కనుక, పలకల్లోని చిన్న రంధ్రాల గుండా అవతలికి వెళ్ళవలసిన అవసరం దానికి లేదు. అందుకే చివరి రెండు గదులకు వేడీ అందడం లేదు, అక్కడి మలమూ మిగిలిన మేతా ఫిల్టరుకు చేరడం లేదు. బెట్టా నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి దానికి ఫిల్టర్ అక్కర్లేదని చాలామంది దుకాణదారులు చెబుతారు. అలా గాలి పీల్చే శ్వాసాంగం ప్రాణవాయువు లోటును తీర్చగలదే గాని, నీటిలో పేరుకున్న అమోనియా నుంచి మొప్పలనూ రెక్కలనూ కాపాడలేదు.

ఇక మిథిలీన్ బ్లూ సంగతి. అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే మేలు బ్యాక్టీరియా ఎక్కువగా ఫిల్టర్ స్పాంజిలో కాపురం ఉంటుంది. మిథిలీన్ బ్లూ దానినీ దెబ్బతీస్తుంది, కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా అంతే. అమోనియా పెరిగి జబ్బు చేసిన తొట్టిలో, అమోనియాను తగ్గించే జీవులనే చంపే మందు పది రోజుల పాటు పోశారు. చేపను చూడకుండా, నీటిని పరీక్షించకుండా క్యాప్సూల్ విప్పి తొట్టిలో పోయమని చెప్పడం సలహా కాదు, అమ్మకం. అలా వాడిన యాంటీబయాటిక్ మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచుతుంది. రేపు నిజంగా అవసరమైన రోజున అదే మందు మీ చేపలకు పనిచేయకపోవచ్చు. పైగా నాలుగు గదుల్లోనూ ఉన్నది ఒకే నీరు. గాజు పలక చేపల పోట్లాటను ఆపుతుంది, జబ్బునూ మందునూ ఆపదు.

ముందుగా అమోనియా, నైట్రైటు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) చూపే ద్రవ పరీక్ష కిట్ కొనండి. మందులకు పెట్టిన డబ్బు దీనికి పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరం రాకపోయేది. నాలుగో గది నీటిని విడిగా, మొదటి గది నీటిని విడిగా పరీక్షించండి. అమోనియా, నైట్రైటు రెండూ సున్నా ఉండాలి. 0.25 పీపీఎం (లీటరుకు 0.25 మిల్లీగ్రాము) దాటితే అదే రోజు సగం నీరు మార్చాలి. పీహెచ్ తప్పక చూడమనడానికి కారణం ఉంది. 27 డిగ్రీల వద్ద పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, మొత్తం అమోనియా అంతే ఉన్నా అందులోని విషపూరిత భాగం దాదాపు పది రెట్లవుతుంది. ట్యాంకర్ బోరు నీరు వాడేవారు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

మొదటి మూడు రోజులు రోజూ మూడో వంతు నీరు మార్చండి. ఆ తరువాత కిట్ చెప్పినట్టు నడుచుకోండి. అమోనియా సున్నాకు వచ్చాక వారానికి రెండుసార్లు నాలుగో వంతు చాలు. కావేరి కుళాయి నీరైతే 100 లీటర్లకు 1 గ్రాము హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, కలిపి క్లోరిన్ తీసేయాలి. కొత్త నీటి వేడి తొట్టి నీటికి ఒక డిగ్రీకి మించి తేడా ఉండరాదు. మిగిలిపోయిన మందు పోవడానికి యాక్టివేటెడ్ కార్బన్ (మందును పీల్చుకునే బొగ్గు) సంచిని నాలుగు రోజులు నీటి ప్రవాహంలో ఉంచి తీసేయండి.

ఇప్పుడు తొట్టి మార్పులు. గంటకు సుమారు 200 లీటర్లు తోడే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపును, తీసుకునే నోటికి స్పాంజి తొడిగి, మొదటి గదిలో పెట్టండి. దాని గొట్టాన్ని తొట్టి వెనుక అంచు మీదుగా నాలుగో గదికి తీసుకువెళ్ళి, చివరన చిన్న రంధ్రాల పైపు తగిలించి, నీరు గాజుకు తగిలి మెల్లగా జారేలా తిప్పండి. సూటిగా కొట్టే ధారలో పొడవాటి రెక్కల బెట్టా అలసిపోతుంది. ఈ అమరికలో హీటరు పక్కనుంచి వచ్చే వెచ్చని నీరు ముందు నాలుగో గదికి చేరి, అక్కడి నుంచి మూడు, రెండు గదుల మీదుగా మొదటి గదికి తిరిగి రాక తప్పదు. గదుల మధ్య తేడా అర డిగ్రీ లోపే ఉంటుంది.

అయితే మీ గాజు పలకల రంధ్రాలు ఇంత ప్రవాహానికి చాలవు. చాలనప్పుడు నాలుగో గదిలో నీటి మట్టం పెరిగి, చేప పలక దాటి పక్క గదిలో పడుతుంది. మర్నాడు ఒక్క చేపే మిగులుతుంది. పలకలు తీసేసి, రెండు మూడు మిల్లీమీటర్ల కన్నులున్న నల్లటి ప్లాస్టిక్ జాలీని రెండు పొరలుగా, మధ్యలో సెంటీమీటరు ఎడంతో బిగించండి. రెండు పొరల వల్ల చేపలు ఒకదాన్నొకటి స్పష్టంగా చూసుకోలేవు, రోజంతా మొప్పలు విప్పి బెదిరించుకోవు. జాలీ మూత దాకా ఉండాలి. వారానికోసారి పాత టూత్ బ్రష్‌తో దాని కన్నులు శుభ్రం చేయాలి.

ఒక్కో గదిలో చిన్న స్పాంజి ఫిల్టరును ఒకే ఎయిర్ పంపుకు కలపండి. వేలాడే ఫిల్టరును ఆపినా దాని పాత స్పాంజిని పారేయకండి. తొట్టి నీటిలోనే పిండి, ఆ మడ్డి నీటిని కొత్త స్పాంజిల మీద పోసి, ఆ పాత స్పాంజిని ఆరు వారాలు తొట్టిలోనే ఉంచండి. కొత్త స్పాంజి పూర్తిగా పనిలోకి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. స్పాంజిలను కుళాయి కింద కడగరాదు, నాలుగింటినీ ఒకే రోజు కడగరాదు.

మీ తొట్టిలో సుమారు 65 లీటర్ల నీరు ఉంటుంది. లీటరుకు ఒక వాట్ హీటరు, గది వేడి కన్నా ఐదారు డిగ్రీలే పెంచగలదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో బెంగళూరు మేడ గది 17, 18 డిగ్రీలకు దిగినప్పుడు నీటిని 26 దగ్గర నిలపడానికి 50 వాట్లు చాలవు. వంద వాట్లది ఒకటి కొనకుండా, ఉన్నదానికి తోడు మరో 50 వాట్లది మూడో గదిలో పెట్టండి. ఒకటి చెడి ఆగిపోతే రెండోది కొంతైనా కాపాడుతుంది, ఒకటి ఆగకుండా కాలుతూ పోయినా అంత తొందరగా నీరు మరిగిపోదు. రెండింటినీ 26 మీద పెట్టి, చల్లటి గదుల వేడి రోజుకు రెండు డిగ్రీలకు మించి పెరగకుండా చూడండి. వెనుకా పక్కలా థర్మోకోల్ అంటించి మూత వేయండి. నీటి మీది గాలి వెచ్చగా ఉండటం పైకి వచ్చి గాలి పీల్చే చేపకు ముఖ్యం. నీరు మార్చే ముందు హీటరు ప్లగ్ తీసి పావుగంట ఆగండి. వేడి గాజు గొట్టం నీటి నుంచి బయటపడితే పగులుతుంది, తడి చేతికి షాకు కొట్టవచ్చు.

జబ్బు చేసిన రెండు చేపలను 10 లీటర్ల టబ్బుల్లో విడివిడిగా, ఒక్కోదానికి 25 వాట్ల హీటరుతో ఉంచి, లీటరుకు 1 గ్రాము అయోడిన్ లేని కల్లుప్పు కరిగించి వేయండి. రోజూ సగం నీరు అదే ఉప్పు మోతాదుతో మార్చండి. ఏడు రోజులు చాలు, పది దాటవద్దు. మేత రోజుకు రెండుసార్లు, మూడేసి గుళికలే. తోక అంచున పారదర్శకంగా కొత్త పొర కనిపిస్తే చేప కోలుకుంటున్నట్టు. కుళ్ళు తోక మొదలు దాకా పాకినా, ఒంటిమీద ఎర్రటి చారలు, పుండ్లు వచ్చినా, బతికి ఉన్న చేపను దాని నీటితో సహా హెసరఘట్టలోని మత్స్య పరిశోధన కేంద్రానికి తీసుకువెళ్ళి చూపించండి. యాంటీబయాటిక్ అవసరమో, ఏదో, ఎంతో అప్పుడు నిర్ణయించవచ్చు.

ఐదో గది వద్దు. ఇప్పుడు ఒక్కో చేపకు సుమారు 16 లీటర్ల నీరు ఉంది. ఆరు వారాల పాటు వరుసగా అన్ని గదుల్లో అమోనియా, నైట్రైటు సున్నా చూపేదాకా ఈ తొట్టిలోకి కొత్త చేపను దేన్నీ దించకండి. ఆ తరువాత తెచ్చేవాటిని కూడా మూడు వారాలు వేరే టబ్బులో ఉంచాకే ఇందులో వేయండి.