కుండ ఆవంలో ఎందుకు పగులుతుంది?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా తాతగారితోనే ఆగిపోయిన కుమ్మరం పనిని నేను మళ్లీ మొదలుపెట్టి, ఇంటి వెనుక ఇటుకలతో చిన్న బట్టీ (ఆవం) కట్టుకొని కట్టెలతో కాలుస్తున్నాను. ఆషాఢంలో బోనం కుండలకు గిరాకీ ఉంటుందని చేసిన వాటిలో చాలా భాగం మంట వేసిన కొద్దిసేపటికే టప్‌టప్‌మని పేలిపోయాయి. మిగిలిన వాటిలో కొన్ని, బట్టీ తెరిచేసరికి అంచు నుంచి కిందికి నిలువునా పగిలి ఉన్నాయి. మట్టిలో గాలి బుడగలు ఉన్నాయని ఒకరు, మట్టే మంచిది కాదని మరొకరు అంటున్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు నష్టాలు. మొదటిది మంటను తొందరగా పెంచినందువల్ల, రెండవది బట్టీని తొందరగా తెరిచినందువల్ల జరిగినట్లు కనిపిస్తోంది కాబట్టి, ఇప్పుడే మట్టి మార్చవలసిన పని లేదు.

పేలుడుకు కారణం గాలి కాదు, నీరు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీరు ఆవిరిగా మారినప్పుడు దాదాపు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా ఆ ఆవిరి మెల్లగా బయటపడే వ్యవధి ఇవ్వకపోతే అది గోడను చీల్చుకొని వస్తుంది. పగిలిన పెంకులు పలుచని పొరలుగా లేచి ఉంటే, అందులోనూ మందంగా ఉండే అడుగు భాగం నుంచి లేచి ఉంటే, అది ఆవిరి పనేనని నిశ్చయంగా చెప్పవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో గాలిలోనే తేమ ఉంటుంది గనుక, పైకి తెల్లబడి ఎండినట్లు కనిపించే కుండ కూడా లోపల తడిగానే ఉంటుంది. కుండ అడుగును చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే అది ఇంకా ఆరలేదు. బోనాల గిరాకీని నమ్ముకున్నవారు వానలకు ముందే, ఎండలు ఉండగానే కుండలు చేసి నీడపట్టున ఆరబెట్టి నిలువ చేసుకోవడం అన్నివిధాలా మేలు.

కాల్చే రోజున మొదటి రెండు మూడు గంటలు మంటను బట్టీ నోటి బయటే చిన్నగా ఉంచి, పొగగొట్టాన్ని పూర్తిగా తెరిచి, కుండలకు సెగ మాత్రమే తగలనివ్వాలి. మందమైన కుండలైతే రాత్రంతా ఈ సెగ అవసరమవుతుంది. ఇంతటితో తేమ పోయినా, మట్టిలో రసాయనికంగా కలిసి ఉన్న నీరు సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య వెళుతుంది కాబట్టి, చీకట్లో చూసినప్పుడు కుండలు లోపల మసక ఎరుపుగా కనిపించే దాకా తొందరపడకూడదు. ఆ తరువాత ధైర్యంగా కట్టెలు వేయవచ్చు. ఎర్రమట్టి కుండకు 900 నుంచి 1,000 డిగ్రీల దాకా వేడి చాలు. అప్పుడు లోపలి రంగు ఎరుపు దాటి నారింజ వైపు తిరుగుతుంది. కట్టెలను ఒక్కసారిగా కుక్కితే గాలి ఆడక, మట్టిలోని కర్బనం కాలక నల్లమచ్చలు పడతాయి.

నిలువు పగుళ్ల సంగతికి వస్తే, మట్టిలోని ఇసుక రేణువులు, అంటే క్వార్ట్జ్, 573 డిగ్రీల దగ్గర అకస్మాత్తుగా పరిమాణం మార్చుకుంటాయి. వేడెక్కేటప్పుడు ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు కుంచించుకుంటాయి. ఆ సమయంలో చల్లగాలి తగిలి కుండ ఒకవైపు ముందుగా చల్లారితే అంచు దగ్గర మొదలైన పగులు సూటిగా కిందికి దిగుతుంది. మంట ఆపగానే నోటిని, సందులను మట్టితో మెత్తి, మరునాటి దాకా ముట్టుకోకండి. చేయి పెట్టగలిగినంత చల్లారాకే ఒక్కొక్క ఇటుకా తీయండి. ఎలా వచ్చాయో చూడాలనే ఆత్రం సహజమే గాని, దానికి మూల్యం కుండలే చెల్లిస్తాయి.

జాగ్రత్తల విషయంలో నేను పట్టుదలగానే చెబుతాను. బట్టీ మీద ఆస్బెస్టాస్ రేకులు కప్పవద్దు. వేడికి అవి పేలి ముక్కలు ఎగురుతాయి, వాటి ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. మంట అందుకోవడం లేదని పెట్రోలు, కిరోసిన్ చల్లవద్దు. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి చర్మానికి అంటుకుంటాయి కాబట్టి నూలు బట్టలే వేసుకోవాలి. మూసిన గదిలో కాలిస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకొని ప్రాణం తీస్తుంది. గడ్డివాములకు దూరంగా, గాలి వాలు చూసుకొని బట్టీ పెట్టి, నీళ్ల బిందెలు దగ్గర ఉంచుకోండి. ఆ నీళ్లు చుట్టుపక్కల నిప్పంటుకుంటే ఆర్పడానికే గాని వేడి బట్టీ మీద పోయడానికి కాదు.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ వైపు మాది. కుండలు బాగానే కాలుతున్నాయి గాని, కొన్ని వారాలకు గోడ మీద పెచ్చులు లేచి, ఆ గుంటలో తెల్లని గింజ కనిపిస్తోంది.

జవాబు: అది సున్నం. నల్లరేగడిలో ఉండే సున్నపురాతి గులకలు ఆవం వేడికి కాలి సున్నంగా మారి, తరువాత గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బి, మీది పొరను నెట్టివేస్తాయి. మీ మట్టి మీద నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే సున్నం ఉన్నట్లే. మట్టిని పలుచగా నీళ్లలో కలిపి సన్నని జాలీలో వడకట్టి వాడుకోండి, లేదా వేరే చెరువు మట్టికి మారండి. తుడిస్తే పోయే తెల్లని పొడి అయితే మాత్రం అది చవుడు ఉప్పు. దానికి ఇలా గింజ ఉన్న గుంటలు పడవు.

ప్రశ్న: సంతలో కొన్న రంగురంగుల మెరుపు పూత ఉన్న మట్టిపాత్రలో వండుకోవచ్చునా?

జవాబు: పూతలో సీసం లేదని తయారుచేసినవారు రాతపూర్వకంగా హామీ ఇస్తే తప్ప వండవద్దు. తక్కువ వేడిలో కాల్చిన పూతలోని సీసం పుల్లని పదార్థాల్లోకి దిగుతుంది; మన ఇళ్లలో పులుసు లేని రోజు అరుదు కదా. అటువంటి పాత్రను అలంకరణకు ఉంచుకోండి.