కంప్యూటర్ సందేహాలు: పట్టిక అవునో కాదో రెండో పంక్తి చెబుతుంది

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారులు సరుకు వివరాలు, ప్రకటనలు రాసుకునే చిన్న వెబ్ అప్లికేషన్‌ను నేను నడుపుతున్నాను. వారు మార్క్‌డౌన్‌లో (మామూలు అక్షరాల మధ్య చిన్న గుర్తులు పెట్టి శీర్షికలు, జాబితాలు సూచించే పద్ధతిలో) రాసినదాన్ని వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌గా మార్చే పార్సర్‌ను జావాస్క్రిప్ట్‌లో స్వయంగా రాసుకున్నాను. ఈ మధ్య దానికి పట్టికలు జోడించి, పంక్తిలో నిలువు గీత కనబడితే చాలు, గీతల దగ్గర ముక్కలు చేసి వరుసగా చూపిస్తున్నాను. కానీ ‘గుండు | బద్ద, ఏది కావాలో ఫోన్ చేసి చెప్పండి’ అని ఎవరైనా మామూలు వాక్యం రాసినా అది పట్టిక అయిపోతోంది. దీన్ని ఎలా సరిచేయాలి?
— ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నిలువు గీత ఉన్న పంక్తి పట్టికలోదా కాదా అన్నది ఆ పంక్తిని ఎంత చూసినా తేలదు, దాని కింది పంక్తిని చూశాకే తేలుతుంది. జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేసిన మార్క్‌డౌన్‌లో పట్టికలకు గుర్తులే లేవు, కావలసినవారు హెచ్‌టీఎంఎల్ ట్యాగులు రాసుకోవలసి వచ్చేది. మార్క్‌డౌన్ నియమాలను స్పష్టంగా రాసిపెట్టడానికి 2014లో వచ్చిన కామన్‌మార్క్‌లోనూ వాటికి చోటు దక్కలేదు. నేడు ఎక్కువమంది పాటిస్తున్నవి ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ 2017లో ప్రచురించిన నియమాలు కనుక మీరూ వాటినే పట్టుకోవడం మేలు. వాటి ప్రకారం పట్టిక ఇలా ఉంటుంది:

| రకం | డబ్బాలు |
|:---|---:|
| గుండు 240 | 12 |
| బద్ద | 7 |

ఇందులో ప్రాణమంతా రెండో పంక్తిలోనే ఉంది. అడ్డగీతలు, నిలువు గీతలు, కోలన్లు, ఖాళీలు తప్ప మరేదీ అందులో ఉండకూడదు, పైగా దాని గడుల సంఖ్య శీర్షిక పంక్తి (పట్టికలో మొదటి పంక్తి) గడుల సంఖ్యకు సరిగ్గా సరిపోవాలి, లేకపోతే అది పట్టిక కాదు. కోలన్ ఎడమన ఉంటే ఆ నిలువు వరుస ఎడమకు, కుడిన ఉంటే కుడికి, రెండు వైపులా ఉంటే మధ్యకు సర్దుకుంటుంది. పేరా కింద ఉత్త అడ్డగీతలు గీస్తే అది శీర్షిక అవుతుందన్నది మార్క్‌డౌన్‌లో పాత నియమం కనుక, రెండో పంక్తిలో కనీసం ఒక నిలువు గీత ఉండి తీరాలని మీ పార్సర్‌లో షరతు పెట్టుకోండి. మీ గుండు-బద్ద వాక్యం కింద అటువంటి పంక్తి ఉండదు కాబట్టి అది పేరాగానే మిగిలిపోతుంది.

శీర్షిక పంక్తి విషయంలో ఉన్న పట్టుదల కింది వరుసల విషయంలో అక్కరలేదు. గడులు తక్కువైతే ఖాళీ గడులు చేర్చండి, ఎక్కువైతే మిగిలినవి వదిలేయండి. ఖాళీ పంక్తి గానీ, కొత్త శీర్షికో జాబితానో మొదలయ్యే పంక్తి గానీ ఎదురైతే పట్టిక ముగిసినట్టే.

ఇక గడులను విడదీయడానికి, ఇచ్చిన గుర్తు ఉన్న ప్రతిచోటా పంక్తిని ముక్కలు చేసే స్ప్లిట్ ఫంక్షన్‌ను నమ్ముకోవద్దు. గడి లోపల నిలువు గీత కావాలనుకున్నవారు దాని ముందు వెనుకవాలు గీత (\) పెడతారు, స్ప్లిట్‌కు ఆ తేడా తెలియదు. ఒక్కొక్క అక్షరం చదువుకుంటూ వెళ్లి, వెనుకవాలు గీత తరువాత వచ్చిన నిలువు గీతను గడిలోని అక్షరంగానే ఉంచండి. కోడ్ గుర్తుల (`) మధ్య ఉన్న నిలువు గీతకైనా ఇదే నియమం, ఎందుకంటే ముందు గడులు విడిపోతాయి, ఆ తరువాతే ఒక్కో గడిలో బొద్దు అక్షరాలు, లింకులు, కోడ్ వెతుకుతారు.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. ‘శ్రీకాకుళం’ కంటికి నాలుగు అక్షరాలే అయినా జావాస్క్రిప్ట్ లెక్కలో దాని పొడవు 10. అందువల్ల ఆ పొడవును బట్టి ఖాళీలు నింపి ఎడిటర్‌లో గీతలను ఒకే వరుసలోకి తేవాలని చూస్తే కుదరదు. పార్సర్ మాత్రం గడి అంచుల్లోని ఖాళీలను తీసేస్తే చాలు, గీతలు వంకరగా ఉన్నా దానికి పట్టింపు ఉండకూడదు. రెండోది శ్లోకాల్లో వాడే దండం. అది చూపుకు నిలువు గీతలాగే ఉన్నా యూనికోడ్‌లో వేరే అక్షరం. ఎక్కడినుంచో అతికించిన పట్టికలో నిలువు గీతల స్థానంలో దండాలున్నాయని తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. అలాగని దండాన్ని పార్సర్ తనంతట తాను గీతగా మార్చకూడదు, శ్లోకాలు ముక్కలవుతాయి. రాసేవారికి ఒక హెచ్చరిక చూపిస్తే సరిపోతుంది.

ఇతరులు రాసినది పేజీలో చూపించే ముందు హానికర ట్యాగులను తీసేసే శుద్ధి దశ మీకు ఉండే ఉంటుంది, లేకపోతే పట్టికల పని ఆపి ముందు అది పెట్టండి. మార్పిడి పూర్తయిన హెచ్‌టీఎంఎల్ మీదనే ఆ శుద్ధి జరగాలి. పట్టికకు సంబంధించిన ట్యాగులను అనుమతి జాబితాలో చేర్చకపోతే గడులన్నీ మాయమై మాటలు మాత్రమే మిగులుతాయి. శుద్ధి దశ, ట్యాగు రూపాన్ని నిర్ణయించే స్టైల్ అట్రిబ్యూట్‌ను తీసేసేటట్టయితే కుడి, ఎడమ అమరికలు కూడా దానితోపాటే పోతాయి కనుక, వాటికి మీరే నిర్ణయించిన రెండు మూడు క్లాస్ పేర్లు వాడి, ఆ పేర్లను మాత్రమే అనుమతించండి.

వ్యాపారులు చూసేది ఎక్కువగా ఫోన్‌లోనే కనుక ప్రతి పట్టికనూ ఒక డివ్‌లో (పెట్టెలా పనిచేసే హెచ్‌టీఎంఎల్ ట్యాగులో) చుట్టి, ఆ డివ్‌కు మాత్రమే పక్కకు జరిగే స్క్రోల్ ఇవ్వండి. లేకపోతే ఆరేడు నిలువు వరుసలున్న ఒక్క పట్టిక వల్ల పేజీ మొత్తం పక్కకు జారుతుంది.