‘ఎర్రగడ్డ’ అంటే నవ్వుతున్నారు

ప్రశ్న: మాది ధర్మవరం దగ్గర పల్లె. రెండేళ్ళ కిందట హైదరాబాదు వచ్చాం. ఏడో తరగతి చదివే మా అబ్బాయి స్కూల్లో భోజనాల దగ్గర ‘ఎర్రగడ్డ ఉందా’ అని అడిగితే పిల్లలంతా నవ్వారట. అప్పటినుంచి నన్ను కూడా ‘అట్ల మాట్లాడొద్దమ్మా’ అంటున్నాడు. వాళ్ళవ్వ ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టనివ్వడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఈ యాస మాన్పించాలా?
– ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: మాన్పించొద్దమ్మా. నవ్విన పిల్లల మీద కోపం కూడా వద్దు. వాళ్ళకు ఎర్రగడ్డ అంటే సనత్‌నగర్ పక్కనున్న పేట. కోస్తావాళ్ళ ఉల్లిపాయ, తెలంగాణవాళ్ళ ఉల్లిగడ్డ మనకు ఎర్రగడ్డ. వెల్లుల్లి తెల్లగడ్డ. కంటికి కనిపించిన రంగుతో పెట్టుకున్న పేర్లు. వాటిలో సిగ్గుపడాల్సిందేముంది?

మీవాడి బాధ నాకు తెలుసు. నాది ఉరవకొండ వైపు. టీచర్ ట్రైనింగుకు కోస్తాలో ఒక ఊరికి వెళ్ళినప్పుడు, వేరుశనక్కాయల్ని ‘చెనిక్కాయలు’ అన్నానని హాస్టల్లో నెల రోజులు నన్ను ఆ పేరుతోనే పిలిచారు. నోరు విప్పడం మానేశాను. ఒక సాయంత్రం బస్టాండులో వెనకనుంచి ‘బిన్నా రాప్పా, బస్సు పోతాది’ అని వినిపించింది. బిన్నా అంటే త్వరగా. గిరుక్కున తిరిగాను. కదిరామె, కొడుకును పిలుస్తోంది. నేను నోరు తెరవగానే ‘యా ఊరు మా నీది?’ అంది. మూటలోంచి బొరుగులు తీసి చేతిలో పోసింది. ఆమె పేరు అడగాలని కూడా తోచలేదు నాకు. ‘బిన్నా’ అన్న ఒక్క మాట చాలింది.

కొన్ని మాటలు పోతే వాటితోపాటు తెలివి కూడా పోతుంది. ‘పదును’ అలాంటిది. వానపడిన మర్నాడు మా నాయన చేన్లో మట్టి తీసి పిడికిట్లో నొక్కేవాడు. ముద్దకట్టి, వేలితో తడితే పొడిపొడిగా విడిపోవాలి. అప్పుడు ‘పదునైంది, విత్తే గొర్రు కట్టండి’ అనేవాడు. జిగటగా అంటుకుంటే ఇంకో రోజు ఆగాల్సిందే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే మా అనంతపురం జిల్లాలో, చెనిక్కాయ విత్తాలంటే ఆ ఒక్క రోజు చేజారకూడదు. వాన ఎంత పడిందో మిల్లీమీటర్లు చెబుతాయి, విత్తనం వేయొచ్చా లేదా అన్నది పదును చెబుతుంది.

ఇంకో సంగతి కూడా మీవాడికి చెప్పండి. మన సీమలో ఎక్కువ భాగాన్ని నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే మనల్ని ‘సీడెడ్ జిల్లాలు’ అన్నారు, తెలుగులో దత్తమండలాలు. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన నేల అని దానర్థం. నూటపాతికేళ్ళకు పైగా ఆ పేరు మోశాం. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అన్న పేరు సూచించారు. ఆయన పుట్టింది శ్రీకాకుళం వైపు, పాఠాలు చెప్పింది అనంతపురం కాలేజీలో. వేరే యాసలో పెరిగిన మనిషి మనకు రాయలవారి పేరు ఇచ్చాడు. ఆ రుణం నేను మర్చిపోలేను. సినిమా వసూళ్ళ లెక్కల్లో ఇప్పటికీ ‘సీడెడ్’ అనే రాస్తున్నారు. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

పరీక్షల్లో పుస్తక భాష రాయాలి, అది శ్రద్ధగా నేర్పండి. ఇంట్లో మాత్రం మీరు గొంతు మార్చుకోవద్దు. అబ్బాయిని బలవంతం చేయకండి. ఒక ఆదివారం ఉగ్గాని, బజ్జీలు చేసి వాడి స్నేహితులను పిలవండి. ఎర్రగడ్డలు వాళ్ళచేతే తరిగించండి. తొలకరికి ఊరికి వెళ్ళినప్పుడు వాణ్ణి వాళ్ళవ్వతో చేనికి పంపండి. పిడికెడు మట్టి వాడి చేతిలో పెట్టి, పదునైందో లేదో ఆమెనే చెప్పమనండి.