కళాశాల కుస్తీ జట్టుకు ఎలాంటి ప్రధాన శిక్షకుణ్ణి ఎంచుకోవాలి?

మహారాష్ట్రలోని దెగ్లూరు వైపు ఉన్న మీ కళాశాలకు జాతర కుస్తీల్లో పేరు మోసిన పహిల్వాన్‌ను తీసుకోవాలా, పాటియాలా క్రీడాసంస్థలో శిక్షణ డిప్లొమా పొందిన వ్యక్తిని తీసుకోవాలా అని అడిగారు. పోటీలు మ్యాట్ మీద జరుగుతాయి కనుక నేను రెండో వ్యక్తి వైపే మొగ్గుతాను. మట్టి కుస్తీలో ప్రత్యర్థి వీపు నేలకు ఆనేలా చిత్తు చేయడమే గెలుపు, చాలాచోట్ల పాయింట్ల లెక్క ఉండదు. మ్యాట్ మీద ఆడే ఫ్రీస్టైల్‌లోనైతే మూడేసి నిమిషాల రెండు భాగాల్లో ప్రత్యర్థిని కింద పడేయడం వంటి పట్టులకు పాయింట్లు ఉంటాయి, 10 పాయింట్ల ఆధిక్యం వస్తే చిత్తు చేయకుండానే ఆట ముగుస్తుంది. ఈ లెక్క ఒంటబట్టని గురువు చేతిలో బలమైన కుర్రాడు కూడా ఓడిపోతాడు.

అంతకన్నా ముఖ్యంగా, బరువు తగ్గించే విషయంలో అభ్యర్థి ఏం చేయిస్తారో ఇంటర్వ్యూలో తప్పక అడగండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ ఫైనల్ ఉదయం 50 కిలోలకు 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైన సంగతి తెలిసిందే. నీళ్లు మాన్పించి చెమట పట్టిస్తానని చెప్పేవారిని వెంటనే పక్కన పెట్టండి.

తరువాత ఒక గంట మీ విద్యార్థులకు శిక్షణ ఇప్పించి చూడండి. అక్కడి పిల్లల్లో కొందరు ఇంట్లో తెలుగు, తాలీంలో (కుస్తీ సాధన చేసే చోట) మరాఠీ మాట్లాడతారు కాబట్టి రెండూ వచ్చినవారైతే మరీ మంచిది. స్థానిక పహిల్వాన్‌ను సహాయకుడిగా పెట్టుకోవచ్చు.