తివాచీ మీద నీళ్లు పోసేముందు దాని వెనకవైపు చూడండి

ప్రశ్న: మా పెళ్లికి మేనమామ ఇచ్చిన ఊలు తివాచీ ఉంది మేడమ్, ఏలూరులో నేయించిందట, పదిహేనేళ్లయింది. మొన్న పండక్కి మా అబ్బాయి చేతిలోంచి సాంబారు గిన్నె జారి దానిమీద పడింది. వెంటనే బట్టల సబ్బు పెట్టి రుద్దాను. మరక పోకపోగా ఎర్రగా తయారైంది. తివాచీ రంగు పోయిందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: రంగు పోలేదు, కంగారు పడకండి. ఆ ఎరుపు సాంబారులో ఉన్న పసుపుది. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుంది కదా, దిష్టికి ఎర్రనీళ్లు కలిపేది అలాగే. బట్టల సబ్బుదీ సున్నంలాగే క్షార గుణం, అందుకే మీ తివాచీ మీద కూడా అదే జరిగింది.

ముందు అందులో మిగిలిన సబ్బు పోవాలి. తెల్ల గుడ్డ చల్లటి నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, మరక మీద అద్దుతూ ఉండండి, గుడ్డకి జిడ్డు అంటడం ఆగేదాకా. తర్వాత కప్పు నీళ్లలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి అలాగే అద్దితే ఎరుపు తగ్గి మళ్లీ పసుపు రంగులోకి వస్తుంది. ఇది చేసేముందు ఎవరికీ కనపడని మూల ఒకటి చూసుకుని, అక్కడ తడి గుడ్డని నిమిషంపాటు అదిమి పట్టండి. గుడ్డకి తివాచీ రంగు అంటితే అక్కడితో ఆపేసి, ఊలు తివాచీలు శుభ్రం చేయడం తెలిసినవాళ్లకి ఇవ్వండి.

మిగిలిన పసుపు మరకకి ఎండే మందు. పసుపు ఎండకి తొందరగా వెలుస్తుంది. అయితే మిగతా రంగులు కూడా వెలిసే ప్రమాదం ఉంది కాబట్టి, మరక ఉన్నంత మేర వదిలి చుట్టూ మందపాటి దుప్పటి కప్పి, పొద్దున పూట గంటో రెండు గంటలో ఎండలో పెట్టండి. నాలుగైదు రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి.

ఇకముందు రుద్దడం మాత్రం మానేయండి. ఊలు పోగుకి పైన సన్నటి పొలుసులుంటాయి, తడిగా ఉన్నప్పుడు రుద్దితే అవి ఒకదానికొకటి పెనవేసుకుని అక్కడ ఉండకట్టినట్టు అయిపోతుంది, దాన్ని మళ్లీ విడదీయలేం. బ్లీచింగ్ జోలికైతే అసలు వెళ్లొద్దు, అది ఊలుని కరిగించేస్తుంది. ఒక్కో ముడీ చేత్తో వేసిన తివాచీ అది, జాగ్రత్తగా చూసుకుంటే మీ అబ్బాయి పెళ్లినాటికి కూడా ఉంటుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న కార్పెట్ ఎత్తితే కింద తెల్లటి పొడి రాలుతోంది. చెదలా? ఉతికితే పోతుందా?

జవాబు: చాలావరకు చెదలు కాదు. ఒకసారి తిప్పి చూడండి. ముందు ఉన్న డిజైనే వెనక కూడా ముడులు ముడులుగా కనిపిస్తే అది చేత్తో ముడివేసి నేసింది. అలా కాకుండా వెనకంతా గుడ్డ అతికించి ఉంటే మాత్రం అది టఫ్టెడ్ కార్పెట్, పోగుల్ని గుడ్డలోకి గుచ్చి లేటెక్స్ జిగురుతో పట్టించినది. ఆ జిగురు కొన్నేళ్లకి ఎండి పొడిపొడిగా రాలుతుంది, మీరు చూస్తున్నది అదే. నీళ్లలో నానబెట్టినా, గోడ మీద వేసి కర్రతో బాదినా ఇంకా తొందరగా ఊడుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్‌తో పైపైన లాగండి, తిరిగే బ్రష్ ఆపేసి. కొనేటప్పుడు ఈ తేడా చెప్పని అమ్మకందార్ల మీద నాకు కోపమే, రెండింటినీ చేతిపని అనే అమ్ముతారు.

ప్రశ్న: వరంగల్ జంపఖానాని వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా?

జవాబు: వేయకండి. 2018లో జీఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలు ఇవే. నూలువి కాబట్టి ఊలంత సున్నితం కాదు, కానీ తడిస్తే బరువెక్కి మెషీన్‌లో మెలిపడి అంచులు లాగేస్తాయి. ముందు రంగు దిగుతుందేమో తడి గుడ్డతో చూసుకుని, మేడ మీద పరిచి, చల్లటి నీళ్లలో కొంచెం షాంపూ కలిపి, మెత్తటి బ్రష్‌తో నేత వెంబడి తోమండి. ఆరేసేది తీగ మీద కాదు, నీడలో పరిచి.

ప్రశ్న: అమ్మాయి పురుడికి ఆరు నెలలు అమెరికా వెళ్తున్నాం. రెండు ఊలు కార్పెట్లున్నాయి. చుట్టేసి కలరా ఉండలు వేసి వెళ్తే చాలా?

జవాబు: చాలదండీ. ఊలుని తినేది కంటికి కనిపించే చిమ్మట కాదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పురుగు. చీకటి, కదలిక లేనిచోటు, దుమ్ము, తిండి మరకలు, ఇవి దొరికితే దానికి పండగ. కాబట్టి ముందు రెండువైపులా వ్యాక్యూమ్ చేసి, మంచి ఎండలో ఒక పూట ఉంచి, పూర్తిగా ఆరి చల్లబడ్డాక మడతపెట్టకుండా గొట్టంలా చుట్టండి. పైన పాత నూలు దుప్పటి చుట్టి తాళ్లు కట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, మన వానాకాలం చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. తాళం ఇచ్చి వెళ్లే బంధువులెవరైనా ఉంటే, రెండు నెలలకోసారి విప్పి దులిపి మళ్లీ చుట్టమని చెప్పండి, కలరా ఉండలకన్నా అది బాగా పనిచేస్తుంది.

ఇక ఆ ఉండల సంగతి. వాటిలో ఉండే నాఫ్తలీన్ వాసన, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పసిబిడ్డల్లో ఎర్రరక్త కణాల్ని విరగ్గొడుతుంది, కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉన్నట్టు పైకి తెలియదు. మీ అమ్మాయి బిడ్డతో మీ ఇంటికి వచ్చేది ఉంటే, ఉండలు వేసిన కార్పెట్టు గానీ దుప్పట్లు గానీ ఆ గదిలో పరచకండి. ఎండబెట్టిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టుకోండి, కానీ దులపడం మాత్రం మానొద్దు.