లాటిన్ రూట్స్ బట్టీ పడితే జీఆర్ఈ గట్టెక్కుతుందా?

గుంటూరు పట్టాభిపురం నుంచి ఒక తల్లి రాశారు. వాళ్ళమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు బీటెక్ మూడో ఏడాది. అమెరికాలో ఎమ్మెస్ లాంటి పీజీ కోర్సుల కోసం రాసే జీఆర్ఈ పరీక్ష కోచింగ్‌లో లాటిన్ రూట్స్ పట్టిక ఇచ్చారట, అంటే ఇంగ్లిష్ పదాల వెనకున్న లాటిన్ ధాతువుల జాబితా. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఈవిడే అప్పజెప్పించుకుంటున్నారు, అయినా గుర్తుండట్లేదు. రూట్స్ చదవాలా, వర్డ్ లిస్టు బట్టీ పట్టాలా అని ప్రశ్న.

అమ్మా, మీరు అడిగింది రూట్స్ గురించే కానీ మీ టెన్షన్ అంతా తెలుగు మీడియం పిల్లకి ఇంగ్లిష్ పట్టుబడదేమోనని. ఎందుకు పట్టుబడదు? ఆహారం, విహారం, సంహారం, ప్రహారం అని ఉపసర్గ మారితే అర్థం ఎలా మారిపోతుందో తను బళ్ళో చదువుకున్నదే. లాటిన్‌లోనూ అంతే, నడిపించడం అనే అర్థమున్న ధాతువు ముందు ఒక్కో ముక్క చేరి రెడ్యూస్, ప్రొడ్యూస్, ఇండ్యూస్ అయ్యాయి. ఈ మాత్రం మీ అమ్మాయికి ఒక పూటలో అర్థమవుతుంది.

అయితే రూట్స్ నేర్పేస్తే వేల పదాలు వచ్చేస్తాయని చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను. ఇగ్రీజియస్‌ని విడదీస్తే మందలోంచి వేరుగా నిలిచినది అని వస్తుంది, ఒకప్పుడు మెచ్చుకోడానికే వాడేవాళ్ళు, ఇప్పుడేమో దానర్థం ఘోరమైనది అని. ఎనర్వేట్ చూడగానే ఎనర్జీ గుర్తొచ్చి ఉత్సాహపరచడం అని టిక్కు పెట్టేస్తారు, నిజానికి అది నీరసపరచడం. పెడెస్ట్రియన్‌లో పెడ్ లాటిన్‌లో పాదం, పీడియాట్రిక్స్‌లోది గ్రీకు, అక్కడ పిల్లలు. పట్టిక చూసి ఊహించే పిల్ల ఇలాంటిచోటే దెబ్బతింటుంది. పైగా విడి పదాలడిగే యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జతల పోలికలు) జీఆర్ఈలో 2011 ఆగస్టులోనే తీసేశారు. 2023 సెప్టెంబరు నుంచి వెర్బల్, అంటే ఇంగ్లిష్ భాగం, మొత్తం 27 ప్రశ్నలే, అందులో సగం దాకా పాసేజీలు చదివి జవాబివ్వాల్సినవి. చదివే అలవాటు లేకుండా పట్టిక ఒక్కటే ఏం చేస్తుంది?

ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. అన్నం తినే పిల్లని పదాలు అప్పజెప్పమనడం రేపటి నుంచి మానేయండి. తనకి గుర్తుండకపోవడానికి సగం కారణం ఆ కంచం దగ్గరి పరీక్షే. అసలు ఎమ్మెస్ తనకి కావాలా, లేక అపార్ట్‌మెంట్‌లో అందరి పిల్లలూ వెళ్తున్నారని మీరు పంపుతున్నారా? ఈ సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. లోనెత్తి వెళ్ళాక అక్కడ ఉద్యోగం, వీసా ఏదీ మన చేతిలో ఉండదు, ఆ బరువు మోయాల్సింది తనే.

రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం చదివి, తెలియని పదాన్ని ఆ వాక్యంతో సహా నోట్‌బుక్‌లో రాసుకోమనండి, రూటు కనిపిస్తే పక్కన రాసుకుంటే చాలు. 2020 తర్వాత చాలా అమెరికా యూనివర్సిటీలు జీఆర్ఈ తప్పనిసరి కాదన్నాయి, కాబట్టి తను అనుకుంటున్న కోర్సులకి స్కోరు అడుగుతున్నారో లేదో వాళ్ళ వెబ్‌సైట్లలో తననే చూడమనండి. అది తేలాకే కోచింగ్ రెండో విడత ఫీజు కట్టండి.